ఆటలో మనం ఎక్కడున్నాం?



హాస్టల్లో రాత్రి తిండి అయ్యాక ఫోన్లు పట్టుకుని ఆటల్లో కూర్చునేది మనమే. దాచుకునేదేం లేదు, మేమూ ఆడతాం. కానీ ఒక్కమాట. పెద్ద కంపెనీల ఆటల్లో అడవి వచ్చిందంటే మనలాంటోళ్లు చాలాసార్లు ఎలా కనపడతారు? మొహానికి రంగు, చేతిలో బల్లెం, అర్థంకాని కేకలు. బయటి నుంచి వచ్చిన హీరోకి అడ్డం పడి చచ్చేవాళ్లం. ఆ బొమ్మను మనమే కాల్చి పాయింట్లు సంపాదిస్తున్నాం. ఎప్పుడైనా ఆలోచించామా?

ఆటలంటే ఇవే అనుకోవద్దు. ఒక్కరో, చిన్న బృందమో పెద్ద కంపెనీల అజమాయిషీ లేకుండా చేసుకునే ఆటలున్నాయి. వాటిని ఇండీ గేమ్స్ అంటారు. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీ ఒక వ్యవసాయం ఆట. బొమ్మలు, సంగీతం, కోడింగ్ అన్నీ ఎరిక్ బరోన్ అనే ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు. 2015 నాటి అండర్‌టేల్‌లో ఎదురొచ్చిన రాక్షసుల్ని చంపకుండా, మాట్లాడి దోస్తీ చేసుకుంటూ ఆట మొత్తం ముగించొచ్చు. 2023లో వచ్చిన వెన్బా కెనడాకు వలసపోయిన ఒక తమిళ కుటుంబం కథ. చిరిగిపోయిన వంటల పుస్తకం చూసి అమ్మ వంట చేస్తుంటుంది. కొడుకేమో ఇంటి భాషకు దూరమవుతుంటాడు. ఆశ్రమ పాఠశాలలో చదివి ఇంటికెళ్లి, అవ్వతో నాలుగు మాటలు మాట్లాడలేక తడబడిన మనలో ఎంతమందికి ఆ కొడుకు తెలియదు?

ఇన్ని రకాలు ఇక్కడే ఎందుకు పుడుతున్నాయి? పెద్ద ఆటకు కోట్ల డాలర్లు పెట్టాలి, అది లోకమంతా అమ్ముడుపోవాలి. అందుకే నిన్న అమ్ముడైందే ఇవాళ మళ్లీ తీస్తారు. చిన్న ఆటకు ఆ భయం తక్కువ. ఒక ఊరి కథైనా, ఒక జాతి కథైనా చెప్పగలదు. అయితే చిన్నది కాబట్టే మంచిదని మేం అనడం లేదు. కథ మీద నిర్ణయం ఎవరిది? మేం అడిగేది అదే.

అలాస్కా ఆదివాసీలు దీనికి జవాబు చూపించారు. అక్కడి కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ ప్రభుత్వ గ్రాంట్ల మీదే ఆధారపడకుండా సొంత ఆదాయం ఉండాలనీ, తమ పిల్లలకు తమ కథలు అందాలనీ ఆటల తయారీలోకి దిగింది. 2014లో నెవర్ అలోన్ విడుదలైంది. ఇనుపియట్ జాతి పిల్ల నూనా, ఒక తెల్ల నక్క కలిసి, ఆగని మంచు తుపాను ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ పోతారు. ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకు పోలేరు. కథ చెప్పే గొంతు ఇనుపియాక్ భాషలోనే వినిపిస్తుంది, ఇంగ్లీషు కింద అక్షరాల్లో వస్తుంది. ఆడుతూ పోతుంటే పెద్దలు మాట్లాడిన వీడియోలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. 2015లో దానికి బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డు కూడా వచ్చింది.

వాళ్లకూ కోడింగ్ అంతా రాదు. అనుభవమున్న బయటి కంపెనీతో కలిసి చేశారు. కానీ కథ విషయంలో పెద్దల మాటే చెల్లింది. ఆ కథను రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌ల్యాండ్ అనే పెద్దాయన చెప్పేవాడు. ఆయన కూతురి దగ్గరికెళ్లి అనుమతి తీసుకున్నాకే వాడుకున్నారు.

2019లో వచ్చిన వెన్ రివర్స్ వర్ ట్రెయిల్స్ ఇంకా మనకు దగ్గర. 1890లలో భూమి పోగొట్టుకుని మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా నడిచే అనిషినాబే మనిషి కథ అది. రాసింది కూడా మూలవాసీ రచయితలే. 1/70 చట్టం ఉన్నా భూములు చేజారడం చూస్తున్న మనకు ఆ నడక ఎవరూ వివరించక్కర్లేదు.

"డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదువుకోకుండా ఆటలేంట్రా?" అని అన్నలు తిడతారు. సగం నిజమే. పందెం ఆటల్లో డబ్బులు పోగొట్టుకుంటే మేమూ తిడతాం. కానీ ఆట ఆడి టైం పాడుచేయడం వేరు, ఆట తయారు చేయడం వేరు. తయారీలో కథ, బొమ్మ, డోలు, కోడింగ్ అన్నీ కావాలి. మనలో డోలు కొట్టేవాళ్లున్నారు, బొమ్మలేసేవాళ్లున్నారు, బీటెక్ చదివేవాళ్లున్నారు. గోడో లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆదిలాబాద్ గుంజాల ఊరి రాతప్రతుల్లో దొరికిన గోండీ లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది. అంటే మన అక్షరాలు తెర మీదికి రావడానికి దారి పడింది.

ఒక హెచ్చరిక కూడా. ప్రతి కథా ఆటకు పనికిరాదు. పెన్ కథలు, గుస్సాడీ నియమాలు మనమే అడగకుండా పెడితే, బయటివాళ్లు చేసిన తప్పే మనమూ చేసినట్టు. పటేల్‌ను, కటోడాను, ఇంట్లో పెద్దల్ని అడగాలి. వద్దంటే వదిలేయాలి.

అందుకే మొదటి పని కంప్యూటర్ దగ్గర లేదు. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చోండి. గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, ఏ భాషైనా సరే, ఒక్క కథ వాళ్ల గొంతులోనే ఫోన్లో రికార్డు చేయండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, వాళ్లు ఇచ్చిన అనుమతి రాసిపెట్టండి. ఆట రెండేళ్లకు కావచ్చు, ఐదేళ్లకు కావచ్చు. అవ్వ అన్నాళ్లు ఆగదు కదా.

జై ఆదివాసీ.