కిమ్‌కు వచ్చే జపాన్ ఇంజనీరుకు ఏ వీసా?

సూరత్‌కు ఉత్తరాన, ముంబై-వడోదర రైలు మార్గం మీద ఉన్న కిమ్‌లో బులెట్ రైలు పట్టాల కింద పరిచే కాంక్రీటు శ్లాబులు తయారవుతున్నాయి. ఒక్కో శ్లాబు 2.2 మీటర్ల వెడల్పు, 4.9 మీటర్ల పొడవు, 19 సెంటీమీటర్ల మందం ఉంటుంది. బరువు దాదాపు 3.9 టన్నులు. రోజుకు 120 శ్లాబులు పోతపోయగల సామర్థ్యం ఈ కర్మాగారానికి ఉంది. కంకర పరిచి స్లీపర్లు వేసే పద్ధతి మన రైల్వేకు తరతరాలుగా అలవాటు. ఈ బులెట్ రైలు మార్గానికి ఆ పద్ధతిని ఎంచుకోలేదు. కాంక్రీటు పడక మీద శ్లాబు కూర్చోబెట్టి, రెంటి మధ్య సిమెంటు, తారు కలిపిన గార పొర నింపి, ఆ శ్లాబుకే పట్టాలు బిగిస్తారు. ఇది జపాన్ షింకన్‌సెన్ మార్గాల్లో నలిగిన విద్య, మన దేశానికి కొత్త.

ముంబై-అహ్మదాబాద్ మధ్య 508 కిలోమీటర్ల ఈ మార్గానికి 2017 సెప్టెంబరు 14న ఇద్దరు ప్రధానులు మోదీ, షింజో అబే శంకుస్థాపన చేశారు. వ్యయంలో 81 శాతాన్ని జపాన్ 0.1 శాతం వడ్డీకి, యాభై ఏళ్ల గడువుతో అప్పుగా ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. కిమ్ ఉన్న భాగంలో, అంటే వడోదర-వాపి మధ్య 237 కిలోమీటర్ల పట్టాల పని ఎల్ అండ్ టీ చేతిలో ఉంది. పనిచేసేది భారతీయ కంపెనీ, పద్ధతి మాత్రం జపాన్‌ది. ఆ పద్ధతి నేర్పడానికి, సరిచూడడానికి జపాన్ నిపుణులు రావాలి. భారతీయ ఇంజనీర్లకు పట్టాల పనిలో శిక్షణ ఇచ్చే బాధ్యతను జపాన్ రైల్వే సాంకేతిక సేవా సంస్థ జార్ట్స్ తీసుకుంది. అలా వచ్చేవారు ఏ హోదాలో రావాలి, ఎంతకాలం ఉండవచ్చు, ఏ పని చేయవచ్చు అన్నది భారత వీసా చట్టం తేల్చే విషయం.

అన్నిటికంటే సులువైనది విమానం దిగాక ఇచ్చే వీసా. 2016 మార్చి 1 నుంచి జపాన్ పౌరులకు ఈ వెసులుబాటు ఉంది. ఆ తర్వాతి ఏళ్లలో దక్షిణ కొరియా, యూఏఈ పౌరులకూ దీన్ని ఇచ్చారు. గడువు 60 రోజులు. వ్యాపార చర్చలు, సదస్సులు, పర్యటన, వైద్యం వంటి వాటికి ఇది సరిపోతుంది. భారత్‌లో నివాసం గానీ ఉద్యోగం గానీ ఉన్నవారికి వర్తించదు. దీన్ని ఇచ్చేది ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ వంటి ఎంపికచేసిన విమానాశ్రయాల్లోనే. సూరత్‌కు అంతర్జాతీయ విమానాశ్రయం హోదా వచ్చినా ఈ జాబితాలో దానికి చోటు లేదు. ఈ వీసాతో కిమ్ చూసివెళ్లాలనుకునే జపాన్ అధికారి ముంబై వంటి చోట దిగి, అక్కడినుంచి రావలసిందే. ఇంకొంత ఎక్కువ కాలం కావాలంటే ఇంటర్నెట్‌లోనే తీసుకునే ఈ-బిజినెస్ వీసా ఉంది. ఏడాది చెల్లుతుంది, 180 రోజుల వరకూ ఉండవచ్చు.

అసలు చిక్కు బిజినెస్ వీసాకూ, ఉద్యోగ వీసాకూ మధ్య ఉన్న గీత దగ్గర మొదలవుతుంది. బిజినెస్ వీసా మీద వచ్చినవారు చర్చలు జరపవచ్చు, యంత్రాలు చూడవచ్చు, నాణ్యత పరిశీలించవచ్చు, అమ్మకానికి ముందూ వెనకా అవసరమైన సంప్రదింపులు చేయవచ్చు. కాంట్రాక్టును అమలుచేసే పనిలో మాత్రం చేయి పెట్టకూడదు. ఒప్పందం ప్రకారం యంత్రం బిగించి నడిపించడానికి వచ్చే సాంకేతిక నిపుణుడికి ఉద్యోగ వీసా తప్పనిసరి. కాగితం మీద ఈ తేడా స్పష్టంగానే కనిపిస్తుంది. కర్మాగారంలో అచ్చుల మధ్య నిలబడి, తప్పు కొలతను స్వయంగా సరిదిద్దే మనిషి దగ్గరికి వచ్చేసరికి అంత స్పష్టంగా ఉండదు. చూసి చెప్పడం ఎక్కడ ముగిసి, చేయడం ఎక్కడ మొదలైందో పక్కనున్న మేస్త్రీకే తెలియాలి.

ఈ గీతను గట్టిగా గీసింది 2009లో. విద్యుత్తు, ఉక్కు ప్రాజెక్టుల్లో వేలమంది విదేశీయులు, ముఖ్యంగా చైనా కార్మికులు, బిజినెస్ వీసాల మీద పనిచేస్తున్నారని తేలడంతో, వారంతా అక్టోబరు 31లోగా దేశం విడిచి సరైన వీసాతో తిరిగి రావాలని ప్రభుత్వం ఆదేశించింది. మరుసటి ఏడాది ప్రాజెక్టు వీసా అనే కొత్త రకం వచ్చింది. అయితే దాన్ని విద్యుత్తు, ఉక్కు రంగాలకే పరిమితం చేశారు. రైల్వే అందులో లేదు. కాబట్టి బులెట్ రైలు పనికి నెలల తరబడి ఉండవలసిన జపాన్ నిపుణుడికి మిగిలిన దారి ఉద్యోగ వీసాయే.

ఉద్యోగ వీసాకు మొదటి షరతు నైపుణ్యం. అర్హులైన భారతీయులు సమృద్ధిగా దొరికే కొలువులకు, గుమాస్తా పనులకు దీన్ని ఇవ్వరు. రెండో షరతు జీతం. ఏడాదికి కనీసం రూ.16.25 లక్షలు ఉండాలి. అంతకుముందు ఈ పరిమితి 25 వేల అమెరికన్ డాలర్లుగా ఉండేది. విదేశీ వంటలు చేసే పాకనిపుణులకు, ఇంగ్లిషు కాక ఇతర భాషలు నేర్పే ఉపాధ్యాయులకు, అనువాదకులకు, రాయబార కార్యాలయాల సిబ్బందికి జీతం షరతు నుంచి మినహాయింపు ఉంది. మూడో షరతు యజమాని. భారత్‌లో శాఖ గానీ, అనుబంధ సంస్థ గానీ, ప్రాజెక్టు కార్యాలయం గానీ లేని విదేశీ కంపెనీ తన ఉద్యోగికి సొంతంగా వీసా పూచీ ఇవ్వలేదు. ఆ విదేశీ కంపెనీకి పని అప్పగించిన భారతీయ కంపెనీ ఆ పూచీ తీసుకోవాలి. వచ్చాక యజమానిని మార్చడం దాదాపు అసాధ్యం. అదే గ్రూపులోని మరో కంపెనీకి మారాలన్నా అధికారుల అనుమతి కావాలి.

రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందాన్ని అనుసరించి వచ్చే నిపుణులకు ఈ నిబంధనల్లో విడిగా చోటుంది. ఒప్పందం ఉన్నంతకాలం లేదా అయిదేళ్లు, ఏది తక్కువైతే అంతవరకూ, ఎన్నిసార్లైనా వచ్చిపోయే వీలుతో వీసా ఇవ్వవచ్చు. కిమ్ వంటి చోటికి వచ్చేవారికి ఇది సరిగ్గా అమరుతుంది. పెద్ద ఒప్పందం, పెద్ద కంపెనీ, పెద్ద జీతం ఉన్నప్పుడు మన వీసా విధానం మీద ఫిర్యాదుకు ఆస్కారం తక్కువ. ఆ మూడింట్లో ఒకటి లోపిస్తేనే ఇబ్బంది.

జీతం షరతునే చూడండి. కనీస మొత్తాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు సుమారు లక్షా ముప్పై అయిదు వేలు. టోక్యో నుంచి కంపెనీ పంపే ఇంజనీరుకు ఇది లెక్కలోకి రాదు. భారత్‌లోనే ఉద్యోగం వెతుక్కునే జపాన్ యువతకు మాత్రం ఇదే గోడ. కిమ్, పిపోదరా చుట్టుపక్కల నీటిధారతో నేసే వాటర్‌జెట్ మగ్గాల యూనిట్లు విస్తరించాయి. సూరత్ నేత పరిశ్రమలో సుడకోమా, టొయోటా వంటి జపాన్ మగ్గాలకు మంచి పేరుంది. ఇలాంటి యూనిట్ యజమాని ఒక జపాన్ యువ సాంకేతికుణ్ణి ఏడాదిపాటు కొలువులో పెట్టుకుందామనుకుంటే, అతనికి ఇవ్వవలసింది తన దగ్గర పదిహేనేళ్లుగా మగ్గాలు సరిచేస్తున్న మేస్త్రీ జీతానికి ఎన్నో రెట్లు. తెలంగాణ పద్మశాలీలు లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడి, పిల్లలను నగరపాలక సంస్థ తెలుగు బడికి పంపుతూ నిలబెట్టిన పరిశ్రమ ఇది. మగ్గాల పని పట్టుబడేది మనిషి పక్కన మనిషి నిలబడినప్పుడు. చౌక కూలీలు రాకుండా ఆపాలన్నది జీతం షరతు ఉద్దేశం, అది న్యాయమైనదే. కానీ నేర్పడానికి వచ్చే మనిషినీ కూలికి వచ్చే మనిషినీ ఒకే కొలబద్దతో కొలవడం చిన్న పరిశ్రమకు నష్టం. ఒప్పందాల మీద వచ్చేవారికి విడిగా చోటు కల్పించినట్టే, చిన్న యూనిట్లలో కొద్దినెలలు శిక్షణ ఇచ్చేవారికీ కల్పించడం కష్టం కాదు.

వీసా చేతికొచ్చాక మరికొన్ని లాంఛనాలుంటాయి. 180 రోజులకు మించిన వీసాపై వచ్చినవారు 14 రోజుల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి వద్ద నమోదు కావాలి. 2018 నుంచి ఇది ఇంటర్నెట్‌లోనే జరుగుతోంది. విదేశీయుడికి గది ఇచ్చిన హోటలు గానీ ఇంటి యజమాని గానీ 24 గంటల్లో ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. 1920, 1939, 1946 నాటి చట్టాలను తొలగించి తెచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడువు దాటి ఉండిపోతే మూడేళ్ల వరకూ జైలు, మూడు లక్షల వరకూ జరిమానా. కిమ్ వంటి ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చే కుటుంబానికి ఇలాంటి నిబంధన ఒకటి ఉందనే తెలియకపోవచ్చు. ఆ బాధ్యతను పిలిపించుకున్న కంపెనీ తన మీద వేసుకోవడం మంచిది.

జీతానికి సంబంధించి పెద్ద ఊరట 2016 అక్టోబరు 1న దక్కింది. విదేశీ ఉద్యోగులను భారత్ 2008 నుంచి భవిష్యనిధి పరిధిలోకి తెచ్చింది. భారతీయులకున్న జీతపు పరిమితి వారికి లేదు, మొత్తం జీతం మీద చందా కట్టాలి. జపాన్ ఉద్యోగి స్వదేశంలో పింఛను చందా కడుతూనే ఇక్కడా కట్టవలసి వచ్చేది. 2012 నవంబరు 16న కుదిరిన సామాజిక భద్రతా ఒప్పందం నాలుగేళ్ల తర్వాత అమల్లోకి వచ్చి ఈ రెట్టింపు భారాన్ని తొలగించింది. కంపెనీ అయిదేళ్ల లోపు గడువుతో పంపిన ఉద్యోగి స్వదేశపు ధ్రువపత్రం చూపితే ఇక్కడ చందా కట్టనక్కర్లేదు. జపాన్‌లో పనిచేసే మనవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

భార్యాపిల్లలకు ఎంట్రీ వీసా ఇస్తారు, దానిమీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పూర్తిస్థాయి జపనీస్ పాఠశాలలు ఢిల్లీ, ముంబైల్లో ఉన్నాయి తప్ప సూరత్‌లో లేవు. బడి వయసు పిల్లలున్న ఇంజనీరు కుటుంబాన్ని జపాన్‌లో వదిలి ఒంటరిగా రావడానికి ఇదొక్క కారణం చాలు. ఎన్నేళ్లు పనిచేసినా ఉద్యోగ వీసా శాశ్వత నివాసానికి దారితీయదు. 2016లో ప్రకటించిన శాశ్వత నివాస పథకం కనీసం పది కోట్ల రూపాయల పెట్టుబడి పెట్టేవారికోసం. భారత పౌరసత్వం తీసుకుందామంటే, స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం పొందినవారి పౌరసత్వాన్ని జపాన్ చట్టం రద్దుచేస్తుంది.

ఇతర దేశాలు జపాన్ పౌరులకు తెరిచిన దారులు చూస్తే మన విధానం స్వభావం తేటపడుతుంది. విదేశాల్లో ఉంటున్న జపాన్ పౌరులు 2023 నాటికి సుమారు 12.9 లక్షలు. వారిలో నాలుగు లక్షలకు పైగా అమెరికాలోనే ఉన్నారు. ఆస్ట్రేలియాలో లక్షకు దగ్గర. భారత్‌లో మాత్రం పదివేల లోపే. అమెరికాతో 1953లో కుదిరిన మైత్రీ, వాణిజ్య, నౌకాయాన ఒప్పందం వల్ల జపాన్ వ్యాపారులకు, పెట్టుబడిదారులకు, వారి కంపెనీల్లోని జపాన్ జాతీయులైన ముఖ్య ఉద్యోగులకు ఈ-1, ఈ-2 వీసాలు దొరుకుతాయి. హెచ్-1బీ లాటరీ చుట్టూ తిరిగే తెలుగు యువతకు ఆ దారి లేదు, ఎందుకంటే భారత్‌కు అమెరికాతో అలాంటి ఒప్పందం లేదు. జర్మనీకి జపాన్ పౌరుడు వీసా లేకుండానే వెళ్లి, అక్కడే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1980లో ఆస్ట్రేలియాతో మొదలైన వర్కింగ్ హాలిడే ఒప్పందాలు ఇప్పుడు దాదాపు ముప్పై దేశాలకు విస్తరించాయి. ముప్పై ఏళ్ల లోపు యువత ఏ కంపెనీ పూచీ లేకుండా వెళ్లి, పనిచేస్తూ దేశం చూడవచ్చు. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి ఇలా వచ్చే జపాన్ యువత కోటాను 1,500 నుంచి 6,000కు పెంచింది. యెన్ విలువ పడిపోయి స్వదేశపు జీతాలు చిన్నవైపోవడంతో ఈ దారులకు గిరాకీ పెరిగింది. భారత్‌కు జపాన్‌తో అలాంటి ఒప్పందం లేదు. మన దగ్గర వీసాకు ఆధారం వచ్చే మనిషి కాదు, అతన్ని పంపే కంపెనీ.

ఆ పద్ధతి ఎంత దూరం పనిచేస్తుందో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో కనిపిస్తుంది. ఇసుజు, కోబెల్కో, డైకిన్ వంటి జపాన్ కంపెనీలు కర్మాగారాలు పెట్టాయి, వాటి వెంట జపాన్ మేనేజర్లు వచ్చారు. కంపెనీ లేకుండా వచ్చేవారి సంగతే ఇంకా తేలలేదు. 2011 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో వ్యక్తుల రాకపోకలపై ఒక అధ్యాయం ఉంది. కంపెనీలోపలి బదిలీలు, కాంట్రాక్టు సేవలు, స్వతంత్ర నిపుణులు వంటి వర్గాలను అది గుర్తించింది. 2021 జనవరిలో నిర్దిష్ట నైపుణ్య కార్మికుల ఒప్పందం మనవారికి జపాన్‌లో కొత్త ద్వారం తెరిచింది. 2025 ఆగస్టు 29న టోక్యోలో ప్రకటించిన మానవ వనరుల కార్యాచరణ ప్రణాళిక అయిదేళ్లలో రెండువైపులా కలిపి అయిదు లక్షల మంది రాకపోకలను లక్ష్యంగా పెట్టుకుంది. అందులో జపాన్ వెళ్లే భారతీయ నిపుణుల వాటా యాభై వేలు. వెళ్లేవారికి భాషా పరీక్షలు, నైపుణ్య పరీక్షలు, వీసా వర్గాలు ఇప్పటికే ఏర్పడి ఉన్నాయి. వచ్చేవారి విషయంలో మాత్రం 16.25 లక్షల జీతమూ, పూచీ ఇచ్చే కంపెనీయూ ఇప్పటికీ ప్రవేశద్వారం.