గృహయంత్రములు: మా పాత పవర్ టిల్లరు

కడియము పూలతోటలలో చేత బట్టి నడపు పవర్ టిల్లరును మీరు చూచియే యుందురు. 1967లో బెంగుళూరున వెలసిన వి.ఎస్.టి. కంపెనీవారు, జపానుదేశపు మిత్సుబిషివారి సహకారముతో చేసిన పాతయంత్రమొకటి మా దొడ్డిలో నున్నది. “పాతయినుమువానికి వేయరాదా?” యని మా యత్తగారి పోరు. నాకు మనసొప్పదు. ఆదివారపు తీరిక యంతయు దానితోడనే.

క్రిందటి వానకాలమందు, ఎంత త్రిప్పినను ఇంజను పలుకలేదు. మరమ్మతుచేయువాడు వచ్చి, సమస్తము విప్పవలెననెను. చూడగా డీజిలుతొట్టి యెండి, గొట్టములో గాలి చేరియున్నది! డీజిలు పోసి, పంపుకడ నున్న మరను కొంచెము వదులుచేసి, బుడగలు పోవువరకు కార్చి, మరల బిగించితిని. డికంప్రెషను లీవరెత్తి హేండిలు త్రిప్పి, వేగమందుకొనగానే లీవరు విడిచితిని. డుబడుబమని మ్రోగెను. అత్తగారును నవ్విరి.

దమ్ముచేసిన నాటి సాయంకాలమే దున్నుకత్తులను కడుగవలెను. వానికి చుట్టుకొన్న గడ్డి, బురద తీయకున్నచో సీలు చెడి నీరు లోనికి దిగును. గాలివడపోతగిన్నెలోని నూనెయు మురికిపట్టగానే మార్చవలెను.

ఒక్కమాట గట్టిగా చెప్పెదను. ఇంజను పూర్తిగా ఆగినగాని బెల్టును తాకకుడు. చెంగు నడుమున దోపి, జడ ముడిచి మరి రండు. నా నీలిచీర చెంగు ఆ బెల్టుపాలయ్యెను. మిగిలిన ముక్కతో నిప్పుడు యంత్రము తుడుచుచున్నాను.