పరపతి ఎవరి పేరు మీద?

మన భాషలో పరపతి అనే మాటకు రెండు అర్థాలున్నాయి. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పు పుట్టించుకోగల శక్తి. "ఆయనకు ఊళ్ళో పరపతి ఉంది" అన్నప్పుడు అది పలుకుబడి. వ్యాపారంలో ఈ రెండూ కలిసే నడుస్తాయి. మాట మీద నిలబడే మనిషి అని పేరు పడితే సరుకు అరువుకు దొరుకుతుంది. అరువు వేళకు తీరిస్తే పేరు మరింత పెరుగుతుంది. అయితే స్త్రీలు నడిపే చిన్న వ్యాపారాలను దగ్గరగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. సరుకు ఎంచేది ఆమె, బేరమాడేది ఆమె, గల్లాపెట్టెలో రూపాయి రూపాయి కూడబెట్టి వాయిదాకు కట్టేది ఆమె. పరపతి మాత్రం మరొకరి పేరు మీద పెరుగుతుంది. టోకు వర్తకుల దగ్గర స్త్రీ సంపాదించుకున్న నమ్మకం ఆమె ఆస్తి అనీ, ఆ ఆస్తి ఆమె పేరు మీదే ఉండడం ఆమె హక్కు అనీ నేను వాదించదలచుకున్నాను.

చిన్న వ్యాపారానికి పెట్టుబడి బ్యాంకు నుంచి వస్తుందని బయటివాళ్ళు అనుకుంటారు. చాలా దుకాణాల్లో అది సరుకు ఇచ్చేవారి నుంచే వస్తుంది. విజయవాడ వస్త్రలతలోనో, హైదరాబాదు బేగంబజారులోనో గుడ్డ తెచ్చుకుని, నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుని కుట్టించి అమ్మే స్త్రీని తీసుకోండి. మొదటి నాలుగైదు సార్లు ఆమెకు సరుకు నగదు మీదే ఇస్తారు. మొహం గుర్తుపట్టాక సగం ఇప్పుడు, సగం వచ్చే వారం అంటారు. తర్వాత బిల్లుకు బిల్లు, అంటే కొత్త సరుకు ఎత్తేటప్పుడు పాత బిల్లు కట్టడం. ఏడాదికో రెండేళ్ళకో నెల గడువు దొరుకుతుంది. దసరా, సంక్రాంతి ముందు షాపు నిండా సరుకు పెట్టుకోగలిగేది ఈ గడువు వల్లే. మెట్టు మెట్టుగా ఎక్కిన ఈ గడువే ఆమె అసలు పెట్టుబడి.

ఈ అరువు ఊరికే రాదన్న సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. నగదు ఇస్తే నూటికి రెండు రూపాయలు తగ్గిస్తానని, లేకపోతే నెల గడువిస్తానని వర్తకుడు అన్నాడనుకుందాం. గడువు తీసుకున్న స్త్రీ నూటికి రెండు రూపాయల వడ్డీ కడుతున్నట్టే, ఏడాదికి ఇరవై నాలుగు రూపాయలు. అయినా ఆమెకు ఇది మేలే. ఎందుకంటే ఆమెకు దొరికే మరో దారి డైలీ ఫైనాన్సు. పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, అసలు తరుగుతూ పోయే లెక్కన ఆ వడ్డీ నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది. టోకు వర్తకుడి దగ్గర ఖాతా ఉన్న స్త్రీకీ, లేని స్త్రీకీ మధ్య తేడా ఇదే. రోజంతా కష్టపడ్డది తన ఇంటికి పోతుందా, ఫైనాన్సు వాడి ఇంటికి పోతుందా అన్నది ఆ ఖాతాను బట్టే తేలుతుంది.

మరి ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉంటోంది? దుకాణంలో పొద్దున్నించీ రాత్రి దాకా కూర్చునేది భార్య. బిల్లు మీద పేరు భర్తది, లేదా మామగారు ఎప్పుడో పెట్టిన దుకాణం పేరు. ప్రభుత్వం జరిపే శ్రామిక సర్వేలలో ఇలాంటి స్త్రీల కోసం ఒక గడి ఉంది. కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు అని దాని అర్థం. వ్యాపారాన్ని తన భుజాల మీద మోసే మనిషి లెక్కల్లో సహాయకురాలిగా మిగిలిపోతుంది.

మా సంఘం దగ్గరకు వచ్చిన ఒకామె పదకొండేళ్ళు బట్టల దుకాణం నడిపింది. ఒక్క వాయిదా కూడా తప్పలేదు. భర్త ఆమెను వదిలి వెళ్ళిపోయిన తర్వాత సరుకు కోసం వెళితే, "ఖాతా సారు పేరు మీద ఉంది గదమ్మా, మీకు నగదు మీదైతే ఇస్తాం" అన్నారు. మరిదిని తీసుకొస్తే ఆలోచిస్తామని కూడా అన్నారు. అప్పటికి ఆ ఖాతాలో కొంత బాకీ ఉంది. ఆ బాకీని మాత్రం ఆమె దగ్గరే వసూలు చేసుకున్నారు. బాకీ తీర్చడానికి ఆమె భార్య. అరువు అడగడానికి ఆమె ఎవరూ కాదు. పదకొండేళ్ళ నమ్మకం భర్తతో పాటే గడప దాటి పోయింది. భర్త చనిపోయిన స్త్రీల విషయంలోనూ ఇదే జరుగుతోంది. విడాకులు తీసుకున్న స్త్రీ భరణం కోసం కోర్టుకు వెళ్ళవచ్చు. పోయిన పరపతిని ఇప్పించమని ఏ కోర్టుకు వెళ్ళాలి?

దీనికి రెండో వైపు మరింత ప్రమాదకరమైనది. ఖాతా పురుషుడిది, సంతకం స్త్రీది. అరువు ఇచ్చేటప్పుడు హామీగా ఖాళీ చెక్కులు తీసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. భర్త చెక్కులు అప్పటికే ఒకసారి తిరిగి వచ్చి ఉంటే, భార్య పేరుతో బ్యాంకు ఖాతా తెరిపించి, ఆమె చేత పదో పరకో చెక్కుల మీద సంతకం పెట్టిస్తారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం చెక్కు చెల్లక తిరిగి వచ్చి, నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే అది నేరం. రెండేళ్ళ వరకు జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ. నేను సంతకం మాత్రమే పెట్టాను, అంకెలు వేరేవాళ్ళు రాసుకున్నారు అంటే సరిపోదు. ఖాళీ చెక్కు అయినా ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చి ఉంటే, అది బాకీ కోసం ఇచ్చిందనే కోర్టు ముందుగా భావిస్తుందని 2019లో బీర్ సింగ్ - ముఖేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని రుజువు చేసుకోవలసిన భారం సంతకం పెట్టిన మనిషి మీదే. లాభం వచ్చినప్పుడు ఆమె సహాయకురాలు, కేసు వచ్చినప్పుడు ఆమె ముద్దాయి. స్త్రీల పేరుతో వచ్చే రాయితీల కోసం, కాంట్రాక్టుల కోసం ఆడవాళ్ళను కాగితాల మీద యజమానులుగా చూపించే పద్ధతి కూడా ఇలాంటిదే. పేరు ఉంటే చాలదు. లెక్క చూసే అధికారం, వద్దనే అధికారం కూడా ఆ పేరుతో పాటు ఉండాలి.

సరే, ఖాతా ఆమె పేరు మీదే ఉందనుకుందాం. పదేళ్ళు వేళకు కట్టిందనుకుందాం. బ్యాంకుకు వెళ్ళినప్పుడు అది పనికొస్తుందా? ఇక్కడ చట్టంలోనే ఒక లోటు ఉంది. 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టం కింద సిబిల్ వంటి సంస్థలకు వివరాలు పంపేది బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల వంటి రుణ సంస్థలే. సరుకు అరువిచ్చిన టోకు వర్తకుడు ఆ లెక్కలోకి రాడు. కాబట్టి లక్షల రూపాయల సరుకు తెచ్చి పైసలతో సహా తీర్చిన స్త్రీ, బ్యాంకు కంప్యూటరులో ఎన్నడూ అప్పు చేయని మనిషిగా కనిపిస్తుంది. అప్పు చరిత్ర లేనివాళ్ళకు బ్యాంకు తనఖా అడుగుతుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది, 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. కానీ ఎన్ని ఇళ్ళలో పొలం కాగితం ఆడపిల్ల చేతికి వచ్చింది? చిన్న పరిశ్రమలకు 10 లక్షల వరకు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లో బ్యాంకులను ఆదేశించింది. ఆ సంగతి తెలియక, తెలిసినా మేనేజరును అడిగే ధైర్యం లేక వెనక్కి వచ్చేవాళ్ళు ఎందరో.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ సరుకు ఇచ్చే కంపెనీలు తమ ఖాతాదారులు ముప్పై రోజుల గడువులో కట్టారా లేదా అన్నది డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వంటి సంస్థలకు తెలియజేయవచ్చు. ఆ సంస్థ మూలాలు 1841లో న్యూయార్కులో మొదలైన ఒక వర్తక సమాచార కార్యాలయంలో ఉన్నాయి. అందుకే చిన్న కంపెనీ పెట్టినవాళ్ళు అక్కడ ముందు రెండు మూడు సరఫరా ఖాతాలు తెరిచి, వేళకు కట్టి, కంపెనీ పేరు మీద పరపతి కూడబెట్టుకుంటారు. అయితే ఆ దేశంలో కూడా పెళ్ళయిన స్త్రీ అప్పు అడిగితే భర్త సంతకం తెమ్మనడం చాలాకాలం మామూలే. లింగాన్ని బట్టి, వైవాహిక స్థితిని బట్టి పరపతి నిరాకరించకూడదని 1974లో చట్టం వచ్చాకనే అది తగ్గింది. లెక్క రాసే పద్ధతి ఒక్కటే స్త్రీని కాపాడలేదు. దాని వెనుక హక్కు కూడా కావలసివచ్చింది.

డ్వాక్రా సంఘాలు ఉన్నాయి గదా, ఇంకా ఎందుకీ గొడవ అని కొందరు మిత్రులు అడుగుతారు. 1982లో మొదలైన డ్వాక్రా, 1992లో నాబార్డు మొదలుపెట్టిన సంఘాల - బ్యాంకుల అనుసంధానం మన స్త్రీలకు బ్యాంకు గడప తొక్కే ధైర్యాన్నిచ్చాయి. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ సంఘం అప్పు సంఘం పరపతి మీద వస్తుంది, సభ్యులందరికీ పంచబడుతుంది. రెండు కుట్టుమిషన్లు పది మిషన్లయినప్పుడు, పచ్చళ్ళ జాడీలు చిన్న కంపెనీగా మారినప్పుడు ఆ అప్పు చాలదు. అక్కడ ఆ వ్యాపారానికంటూ ఒక పేరు, ఒక చరిత్ర కావాలి.

టోకు బజారులో కులం, బంధుత్వం కూడా పరపతే. ఎవరి తాలూకు అన్న ప్రశ్న తర్వాతే ఎంత సరుకు అన్న ప్రశ్న వస్తుంది. దళిత స్త్రీకీ, ఒంటరి స్త్రీకీ ఆ మొదటి ప్రశ్న దగ్గరే తలుపు మూసుకుంటుంది. కాగితం మీద లెక్క ఉంటే ఈ వివక్ష పోతుందని నేను అనడం లేదు. పదేళ్ళు వేళకు కట్టిన లెక్క ఎదురుగా ఉన్నప్పుడు కాదనడానికి కారణం చెప్పవలసి వస్తుంది. ఇప్పుడు ఆ కారణం కూడా చెప్పనక్కర్లేదు.

అలాగని వర్తకుల ఖాతాలన్నీ రేపే సిబిల్‌కు చేర్చాలని కూడా నేను కోరడం లేదు. కాన్పు వచ్చో, పిల్లవాడికి జబ్బు చేసో ఒక నెల ఆలస్యమైతే, అది వర్తకుడి చేతిలో కొరడా అవుతుంది. స్త్రీ ఒప్పుకుంటేనే వివరాలు వెళ్ళాలి. తన గురించి ఏం రాశారో చూసుకునే హక్కు, తప్పు దిద్దించుకునే హక్కు ఉండాలి. బ్యాంకు అప్పుల విషయంలో ఈ హక్కులు ఇప్పటికే ఉన్నాయి. ఏడాదికి ఒకసారి ఉచితంగా నివేదిక అడగవచ్చు. తప్పు దిద్దమని ఫిర్యాదు చేశాక 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారమివ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

చట్టం మారేలోగా మనం చేసుకోగలిగినవి ఉన్నాయి. కచ్చా చీటీ మీద సరుకు తేవద్దు, తన పేరుతో లేదా తన సంస్థ పేరుతో పక్కా బిల్లు అడగాలి. చెల్లింపు తన బ్యాంకు ఖాతా నుంచే జరగాలి, ఫోనులో కట్టినా భర్త ఫోను నుంచి కాదు. ఆరు నెలలకోసారి వర్తకుడి దగ్గర ఖాతా నకలు సంతకంతో, ముద్రతో తీసుకుని దాచుకోవాలి. పది చోట్ల అరువు చేసేకంటే రెండు మూడు చోట్ల చిన్న మొత్తాలతో మొదలుపెట్టి గడువుకు రెండు రోజుల ముందే కట్టడం మంచిది. ఖాళీ చెక్కు ఇవ్వకూడదు. తప్పనిసరై చెక్కు ఇస్తే పేరు, మొత్తం, తేదీ రాసి, నకలు తీసుకుని, ఎందుకిచ్చిందీ కాగితం రాయించుకోవాలి. ఉద్యమ్ నమోదు ఉచితం, దళారీకి డబ్బు ఇవ్వనక్కర్లేదు. తయారుచేసి అమ్మే స్త్రీలకు ఇది మరీ అవసరం. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం కొన్నవాళ్ళు ఎంత ఒప్పందమున్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. మనకు రావలసింది వేళకు వస్తేనే మనం ఇవ్వవలసింది వేళకు ఇవ్వగలం. కొని అమ్మే దుకాణదారులను 2021లో ఈ వర్గంలో చేర్చినా, ప్రాధాన్య రంగ రుణాల వరకే పరిమితం చేశారు. ఆలస్యపు వడ్డీ రక్షణ వారికీ వర్తింపజేయమని మనం అడగాలి.

చిన్న పరిశ్రమలకు ఆస్తిని బట్టి కాక వ్యాపారంలో డబ్బు వచ్చిపోయే తీరును బట్టి అప్పులివ్వాలని యు.కె. సిన్హా కమిటీ 2019లో సిఫారసు చేసింది. టోకు వర్తకుడి సంతకమున్న ఖాతా నకలు కంటే ఆ తీరుకు మంచి సాక్ష్యం ఏముంటుంది? స్త్రీల రుణ దరఖాస్తులతో పాటు దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని బ్యాంకుల జిల్లా సమావేశాల్లో మన సంఘాలు పట్టుబట్టాలి. భర్త సంతకం, మరిది హామీ అడగకుండా స్త్రీ పేరుతో ఖాతా తెరవాలని పట్టణాల్లోని వర్తక సంఘాలతో కలిసి కూర్చుని మాట్లాడాలి. ఒక స్త్రీ ఒంటరిగా అడిగితే నవ్వి పంపిస్తారు. ఇరవై మంది కొనుగోలుదారులు కలిసి అడిగితే వింటారు, ఎందుకంటే వాళ్ళకూ వ్యాపారం కావాలి.

పొలం పట్టాలో పేరు కోసం, ఇంటి పట్టాలో పేరు కోసం మనం చాలా ఏళ్ళుగా పోరాడుతున్నాం. టోకు దుకాణం ఖాతా పుస్తకంలో ఒక పేజీ పైన రాసిన పేరు అంత పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు. కానీ రేపు ఇంట్లో ఏం జరిగినా ఎల్లుండి దుకాణం తెరవగలమా లేదా అన్నది ఆ పేరే నిర్ణయిస్తుంది. ఈసారి సరుకుకు వెళ్ళినప్పుడు ఆ పేజీ తెరిపించి చూడండి. మీ పేరు లేకపోతే రాయించండి.