"ఎవరి తాలూకు?" అని అడగని తలుపులు

విజయవాడలో ఫైనాన్స్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. బందరు రోడ్డు మీద బ్యాంకులు, గవర్నరుపేట, సూర్యారావుపేట సందుల్లో ఆడిటర్ల ఆఫీసులు, అది ఒకటి. మన పేటల్లో, తండాల్లో "ఫైనాన్సోళ్ళు వచ్చారు" అంటే వారం కిస్తీ కట్టే టైమైందని. పుట్టినప్పటి నుంచి మనకి తెలిసింది రెండోదే. మొదటి దాంట్లోకి మన పిల్లలు కనీసం ఇంటర్న్‌గా వెళ్ళడం ఎందుకింత కష్టం? వెళ్ళాలంటే దారులేంటి?

ఈ ప్రాంతానికి ఫైనాన్స్ కొత్త కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. కాలవల నీళ్ళతో వరి పండి, ఆ పంట డబ్బు చేతులు మారి, బ్యాంకులకీ వ్యాపారాలకీ పునాది పడింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఈ వందేళ్ళలో అదే పొలాల గట్ల మీద ఎలుకలు పట్టిన యానాదులు, బుట్టలల్లి అమ్మిన ఎరుకలు, డెల్టా అంచున ఏ.కొండూరు, తిరువూరు వైపు తండాల్లో బతికిన సుగాలీలు బ్యాంకు మెట్లెక్కింది ఎక్కువగా అప్పు కోసమే. అక్కడా దొరక్కపోతే వడ్డీ వ్యాపారి, ఆ తర్వాత మైక్రోఫైనాన్స్.

దాని ఫలితం ఈ జిల్లా చూసింది. వడ్డీల మీద, వసూలు చేసే తీరు మీద ఫిర్యాదులు వచ్చి 2006లో కృష్ణా జిల్లా యంత్రాంగం రెండు పెద్ద మైక్రోఫైనాన్స్ సంస్థల శాఖలు సుమారు 50 మూయించింది. నాలుగేళ్ళకి, 2010 అక్టోబరులో, రాష్ట్ర ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. నెలకి ఇంత వడ్డీ అని చెబితే ఏడాదికి ఎంతవుతుందో, ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుంటే అసలు చేతికొచ్చింది ఎంతో లెక్కగట్టి చెప్పేవాళ్ళు సంతకాలు పెట్టిన ఇళ్ళల్లో ఎంతమంది ఉన్నారు? అందుకే మన పిల్లలకి ఫైనాన్స్‌లో ఇంటర్న్‌షిప్ దొరకడం ఒక్క ఇంటి సంగతి కాదంటున్నా. లెక్క రాసే వైపు కూడా మనవాళ్ళు కూర్చోవాలి.

మరి ఎందుకు కూర్చోలేకపోతున్నారు? నేను బీకాం చదివిన కాలేజీకి మూడేళ్ళలో ఒక్క కంపెనీ కూడా మనుషుల్ని ఎంచుకోవడానికి రాలేదు. బయోడేటా పట్టుకుని ఆఫీసులు తిరిగితే డెబిట్, క్రెడిట్ గురించి అడిగినవాళ్ళు తక్కువ. "ఏ కాలేజీ?" అన్నారు. ఆ తర్వాత "ఎవరి తాలూకు బాబూ?" అన్నారు. మొదటి ప్రశ్నకి జవాబు చెబితే ముఖంలో ఉత్సాహం పోయేది. రెండోదానికి నా దగ్గర జవాబే లేదు. మనలో చాలామందిది ఇదే అనుభవం. పేరున్న కాలేజీకి సీనియర్లుంటారు, వాళ్ళు కంపెనీల్లో ఉంటారు, ఒక ఫోన్ కాల్‌తో పనైపోతుంది. మన కాలేజీలకి ఆ ఫోన్ చేసేవాళ్ళు ఇంకా తయారవలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ని చదువులో భాగం చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ చోటు చూపించే బాధ్యత గట్టిగా ఎవరి మీదా పెట్టకపోతే ఏమవుతుంది? తెలిసినవాళ్ళున్న పిల్లాడు ఆడిటర్ దగ్గర నిజంగా పని నేర్చుకుంటాడు. ఎవరూ లేనివాడు డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. మార్కుల జాబితాలో ఇద్దరిదీ ఒకటే, చేతిలో పని మాత్రం ఒకరికే. పైగా జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటే రూం అద్దె, మెస్ బిల్లు, బస్ ఛార్జీలు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. చేపల చెరువు కాపలాకి వెళ్ళే నాన్న ఎక్కణ్ణుంచి పంపుతాడు?

అందుకని ముందు రూల్ ప్రకారం తెరుచుకునే తలుపులు తట్టండి. "ఎవరి తాలూకు?" అని అడగడానికి వీల్లేని చోట్లు కొన్ని ఉన్నాయి.

ఒకటి, బ్యాంకు అప్రెంటిస్‌షిప్. ఏదైనా డిగ్రీ ఉంటే చాలు. ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండ్, ఎస్టీ రిజర్వేషన్, వయసులో సడలింపు. 2023లో స్టేట్ బ్యాంకు 6160 మందికి ప్రకటన ఇచ్చింది. నెలకి 15,000 స్టైపెండ్, ఎస్టీలకి దరఖాస్తు ఫీజు లేదు. 2025 ఫిబ్రవరిలో యూనియన్ బ్యాంకు 2691 మందికి పిలిచింది. స్థానిక భాష వచ్చి ఉండాలన్నది షరతు. తెలుగు మీడియం అని చిన్నబుచ్చుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇక్కడ మీ తెలుగే మీకు అర్హత. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు, అది తెలుసుకునే వెళ్ళండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్ 'నాట్స్'లో ఇప్పుడే పేరు నమోదు చేసుకుని పెట్టుకోండి.

రెండు, 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం. మొదలైనప్పటి నిబంధనల ప్రకారం 21 నుంచి 24 ఏళ్ళ వయసు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, ఏడాది పాటు నెలకి 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000. ఐఐటీ, ఐఐఎంలలో చదివినవాళ్ళు దీనికి అర్హులు కారు. పెద్ద కాలేజీ పేరు అడ్డమయ్యే పథకం ఇదొక్కటే నాకు కనిపించింది. దరఖాస్తు చేసేముందు తాజా నిబంధనలు చూసుకోండి.

మూడు, సీఏ ఆర్టికల్‌షిప్. కామర్స్ డిగ్రీలో 55 శాతం, వేరే డిగ్రీల్లో 60 శాతం వస్తే ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్మీడియెట్‌కి నమోదు కావచ్చు. 2023 జులైలో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకి తగ్గింది. కష్టమైన దారే. కానీ ఇంటర్మీడియెట్ రెండు గ్రూపులూ పాసైనవాణ్ణి కాలేజీ పేరు అడిగేవాళ్ళు తక్కువ.

ఎం.కాం, ఎంబీఏ చదివేవాళ్ళకి రిజర్వ్ బ్యాంకు వేసవి ఇంటర్న్‌షిప్ ఉంది. ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు దరఖాస్తులు తీసుకుంటారు. దేశం మొత్తం మీద 125 మందికి మించరు, పోటీ ఎక్కువ. అయినా మన పేర్లు ఆ దరఖాస్తుల్లో అసలు లేకపోతే ఎలా?

చేతిలో పని చూపించడం కూడా ముఖ్యం. మీ అమ్మ ఉన్న పొదుపు సంఘం పుస్తకాలు తీసుకోండి. రెండేళ్ళ పొదుపు, అప్పులు, వడ్డీ, బ్యాంకు పాస్‌బుక్కు, అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించండి. సంఘం పుస్తకానికీ పాస్‌బుక్కుకీ తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోండి. ఆడిటర్ ఆఫీసుల్లో కొత్తవాళ్ళ చేత చేయించే పని ఇదే. బయోడేటాలో "కష్టపడే స్వభావం" అని రాసేకంటే ఈ ఒక్క లైను రాయండి. సంఘానికీ మేలు, మీకూ అనుభవం. టాలీ, జీఎస్టీ రిటర్నులు దాని తర్వాత నేర్చుకోవచ్చు.

అయితే భారమంతా పిల్లల మీదే వేసి ఊరుకుంటే అది ఉద్యమం కాదు. మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఇక్కడ ఐటీడీఏ ఉన్న ఏజెన్సీ లేదు, మైదాన ప్రాంత గిరిజనులం. కాబట్టి గిరిజన సంక్షేమ శాఖే ముందుకు రావాలి. ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్ చేసే ఎస్టీ యువతకి డిగ్రీ అయిపోయాక కూడా ఆ ఏడాది విజయవాడ హాస్టళ్ళలో చోటివ్వాలి. నెలకి 5,000తో ఈ ఊళ్ళో అద్దె కట్టి తిండి తినడం ఎవరివల్లా కాదు. ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఏ విద్యార్థి ఎక్కడ ఇంటర్న్‌షిప్ చేశాడో, స్టైపెండ్ ఎంతో నోటీసు బోర్డులో పెట్టాలి. సహకార బ్యాంకులు, ప్రభుత్వ కార్పొరేషన్లు ఇంటర్న్‌లని తీసుకుంటే ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్ పాటించి, స్టైపెండ్ ఇచ్చి తీసుకోవాలి.

మనకి మద్దతుగా ఉండే ఆడిటర్లకీ బ్యాంకు ఉద్యోగులకీ ఒక మాట. మీ సానుభూతి మాకు తెలుసు. ఏడాదికి ఒక్క సీటు బహిరంగంగా ప్రకటించండి. ఒక చిన్న లెక్కల పరీక్ష పెట్టండి, బాగా రాసినవాళ్ళని తీసుకోండి. సిఫార్సు వద్దు, జాలి కూడా వద్దు.

ఇప్పటికే లోపలికి వెళ్ళిన అన్నలూ అక్కలూ, మీ బాధ్యత ఇంకా పెద్దది. నోటిఫికేషన్ పడితే మీ ఊరి గ్రూపులో పెట్టండి. ఒక్కరి దరఖాస్తయినా పక్కన కూర్చుని నింపించండి. పేరున్న కాలేజీల్లో సీనియర్లు చేసేది అదే. మన పిల్లలకి ఆ సీనియర్లు మీరే కావాలి.