తాత కట్టిన ఇంటికి కాగితమేది?

ఊళ్లో ఇల్లు కట్టుకుందామని పంచాయతీ ఆఫీసుకు పోయినోడిని ఎన్ని అర్రలు వేస్తున్నవు, ఎంత ఎత్తు లేపుతున్నవు, వాన నీళ్లు ఎటు మళ్లుతయి అని ఎవరూ ముందుగా అడగరు. "దస్తావేజు ఉందా?" అన్నదే మొదటి ప్రశ్న. నాలుగు తరాలుగా అదే జాగల పొయ్యి వెలిగిస్తున్న మనిషిని, ఆ ఊరి ఆఫీసే నువ్వెవరివని అడుగుతున్నది. ఇంటి పర్మిషన్ గురించి మేము మాట్లాడదలచుకున్నది ఈ ప్రశ్న గురించే.

పట్నంలో పుట్టి పెరిగిన విద్యార్థి మిత్రుల కోసం గ్రామకంఠం గురించి రెండు మాటలు. నిజాం కాలంలో సర్వే జరిగినప్పుడు సర్కారుకు కావాల్సింది శిస్తు. శిస్తు వచ్చేది పొలం మీద. అందుకే తరికి, ఖుష్కికి నంబర్లు పడ్డయి, పహాణీలకెక్కినయి. మనుషులు బతికే జాగను మాత్రం నక్షాలో ఒక ముద్దగా గీసి, ఆబాదీ అని రాసి విడిచిపెట్టిండ్రు. లోపల ఏ ఇల్లు ఎవరిది, ఏ గోడ ఎక్కడిదాకా అన్న లెక్క లేదు. దొర గడీ అయినా, వాడ చివరి గుడిసె అయినా నక్షాలో ఒకే ముద్ద. ఆ కాలంలో ఊరంతా సమానంగా కనపడ్డ చోటు బహుశా అదొక్కటే! నిజాం పోయిండు, ఉమ్మడి రాష్ట్రం వచ్చింది, పోయింది, మన రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. ఆ ముద్ద చాలా ఊళ్లలో ముద్దగానే ఉన్నది.

ఇప్పుడు ఆ ముద్దలోంచి తన ఎనభై గజాలను విడదీసి చూపెట్టే భారం ఇల్లు కట్టుకునే పేదోడి మీద పడ్డది. అతని దగ్గర ఉన్నది ఇంటి పన్ను రసీదు. పంచాయతీ డిమాండ్ రిజిస్టర్ల ఆ ఇల్లు తాత పేరు మీద ఉన్నది. తాత పోయి ఇరవై ఏండ్లాయె. అన్నదమ్ములు పెద్దమనుషులను కూర్చోబెట్టి నడిమిట్ల గోడ పెట్టుకున్నరు. రాసుకుంటే ఒక తెల్లకాగితం, అదీ లేకపోతే నోటిమాట. ఇక పేరు మారాలంటే తాత మరణ ధ్రువపత్రం కావాలె. ఆ కాలంలో చావులు నమోదు చేయించిందెవరు? కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి తహసీల్ చుట్టూ తిరగాలె. అన్నదమ్ములు అందరూ సంతకాలు పెట్టాలె. ఒకడు భీవండిల, ఇంకొకడు దుబాయిల ఉన్నడు. వాళ్లు వచ్చేది పండుగకో, చావుకో. అందరి సంతకాలు కూడేసరికి తెచ్చిపోసుకున్న ఇసుక వానకు కొట్టుకపోతది.

చట్టంలో దారి లేదా అంటే ఉన్నది. 300 చదరపు మీటర్ల లోపు జాగ, అంటే సుమారు 360 గజాలు, 10 మీటర్ల లోపు ఎత్తు ఉంటే పంచాయతీయే అనుమతి ఇయ్యొచ్చు. అంతకు మించితేనే పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ సాంకేతిక మంజూరు కావాలె. ఊళ్లో కట్టే ఇండ్లు నూటికి తొంభై ఈ లెక్కలోపలే ఉంటయి. అధికారం ఊరి చేతిలోనే పెట్టిండ్రు, బాగనే ఉన్నది. కానీ నిబంధనలు రాసినోళ్ల మనసులో మెదిలింది రోడ్డు పక్కన రాళ్లు పాతిన వెంచర్ ప్లాటు. నాలుగు దిక్కులా హద్దులుండాలె, సెట్‌బ్యాక్ విడవాలె, ఇంజనీరు గీసిన ప్లాన్ పెట్టాలె. గోడకు గోడ ఆనుకున్న పాత వాడకట్టులో, ఎడ్లబండి కష్టంగా తిరిగే సందులో, ఎనభై గజాలోడు జాగ విడిచి ఎక్కడ కట్టుకోవాలె?

పట్టణాల సంగతి చూడండి. 2020లో తెచ్చిన భవన అనుమతుల చట్టంలో 75 గజాల లోపు జాగలో 7 మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకుంటే పర్మిషనే అక్కర లేదన్నరు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నరు. మంచి చట్టమే, మేము కాదనడం లేదు. పట్టణంలో చిన్న ఇంటోడి మాటను సర్కారు నమ్మింది. ఊరోడి మాటనెందుకు నమ్మదు? పోనీ అదే పద్ధతి రేపు ఊరికి తెచ్చినా గ్రామకంఠం ఇంటోడికి ఒరిగేది తక్కువే. స్వీయ ధ్రువీకరణకు కూడా చేతిల దస్తావేజు ఉండాలె కద!

ఇంకో పక్క హైదరాబాద్ చుట్టూ ఏం జరిగిందో అందరికీ తెలుసు. పంచాయతీ పేరు మీద రెండంతస్తులకు కాగితం తీసుకొని ఐదంతస్తులు లేపిండ్రు. ఊరు కార్పొరేషన్‌లనో మున్సిపాలిటీలనో కలిసినంక పాత తేదీలు వేసి పర్మిషన్లు పుట్టించిండ్రు. పైసలున్నోడికి కాగితం తేదీ వెనక్కి కూడా నడుస్తది. ఎనభై గజాలోడికి ముందుకే నడవదు.

ఉద్యోగ మిత్రులకు ఇది అనుభవంలోనిదే. సొంతూళ్లో అమ్మానాయినకు రెండర్రల ఇల్లు వేద్దామని బ్యాంకుకు పోతే మంజూరైన ప్లాన్ అడుగుతరు, లింకు డాక్యుమెంట్లు అడుగుతరు. జీతం స్లిప్పు ఉన్నోడే వెనక్కి వస్తున్నడు. కూలి చేసుకునేటోడికి బ్యాంకు గడప దొరుకుతదా? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి స్లాబు పోస్తడు. పర్మిషన్ కాగితం లేకపోతే నిజంగా పోయేది ఇదే. ఊళ్లో ఇల్లు ఎట్లనో అట్ల లేస్తది. దాని మీద అప్పు మాత్రం పదేండ్లు కూసుంటది.

పంచాయతీ కార్యదర్శులను తిట్టడానికి ఇది రాస్తలేము. ట్రాక్టరు, నర్సరీ, పన్ను వసూలు, యాప్‌లల్ల ఫొటోలు అన్నీ ఒక్కరి నెత్తి మీదనే పెట్టిండ్రు. ఉద్యోగం ఖాయం చెయ్యండని జూనియర్ కార్యదర్శులు 2023లో సమ్మె చేయాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఊళ్లల్ల సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన. జాగ ఎవరిదో చెప్పే రికార్డు లేనప్పుడు సంతకం పెట్టి రేపు కోర్టుకు ఎక్కాల్సి వస్తదని ఏ ఉద్యోగి అయినా భయపడ్తడు.

రికార్డు చేస్తమని పాలకులు చెప్పని కాలం లేదు. 2020 అక్టోబర్‌ల ఇంటింటికీ మనుషులను పంపి ఆధార్ రాసుకున్నరు, కొలతలు రాసుకున్నరు. మెరూన్ రంగు పాస్‌బుక్కు ఇస్తమన్నరు. జనం పని చెడగొట్టుకొని ఇండ్ల ముందట నిలబడ్డరు. పాస్‌బుక్కు రాలేదు. 2025 భూభారతి చట్టంలో ఆబాదీకి కూడా హక్కుల రికార్డు అన్నరు. మరో దిక్కు ఇందిరమ్మ ఇల్లంటే అదే జాగను సర్కారే ఫొటో తీసి ఆన్‌లైన్‌ల ఎక్కిస్తది. 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దని కొలత పెట్టి, దశల వారీగా ఐదు లక్షలు ఇస్తది. అంటే జాగ ఎవరిదో తెలుసుకోవాలనుకుంటే సర్కారుకు తెలుస్తది! పథకం ఇంటికి సరిపోయిన ఆ ఎరుక, సొంత పైసలతో కట్టుకునే ఇంటికి ఎందుకు సరిపోదు?

కొత్త సర్పంచులు ఇప్పుడిప్పుడే కుర్చీలల్ల కూసున్నరు. వాళ్ల ముందు మేము పెట్టే పని ఇది. గ్రామసభ పెట్టి, గ్రామకంఠంలోని ఇండ్లను వాడల వారీగా కొలిపించండి. ఇరుగుపొరుగు సాక్ష్యం తీసుకొని, ఎవరి హద్దు ఏదో నక్షా గీసి, పంచాయతీ గోడ మీద నెల రోజులు అతికించండి. అభ్యంతరం రాని జాగలకు హక్కు కాగితం ఇవ్వాలని తీర్మానం చేసి జిల్లా కలెక్టరుకు పంపండి. వంద గజాల లోపు ఇండ్లకు రెండు మూడు నమూనా ప్లాన్లు ఆఫీసులోనే ఉచితంగా దొరకాలె. వచ్చిన దరఖాస్తులు ఎన్ని, ఇచ్చిన అనుమతులు ఎన్ని, ఆపితే ఎందుకు ఆపిండ్రు అన్నది అదే గోడ మీద రాయాలె. సర్వేయర్లను ఇయ్యాల్సింది ప్రభుత్వం, ఆ బాధ్యత దానిదే.

విద్యార్థి మిత్రులు సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. పంచాయతీ ఆఫీసుకు పోయి, మీ ఇల్లు ఇయ్యాల డిమాండ్ రిజిస్టర్ల ఎవరి పేరు మీద ఉన్నదో చూసి రండి.