షుగర్ తగ్గిందని మురిసిన

ఈ నెల నేను చేసిన తప్పు ఒకటి రాస్తున్న. చదివి మీరు చేయకుండ ఉంటే చాలు.

నాకు షుగర్ వచ్చి పదహారేండ్లు. రెండు పూటల ఇన్సులిన్ సూది. పరగడుపున చూపిస్తే ఎప్పుడూ 170, 180 ఉండేది. పోయిన దసరా దాటినంక అదే సూది, అదే తిండి, కాని అంకె 100కు దిగింది. ఒక్కోసారి 60. ఒళ్లంత చెమట, చేతులు వణుకు. ఇంత చక్కెర నోట్లో వేసుకుంటే సర్దుకునేది. రోగం దిగుతున్నదని మురిసిన. మా ఇంటామె బీడీలు చుట్టుకుంటనే, "మందు మారలే, తిండి మారలే, షుగర్ ఎట్ల తగ్గుతదయ్యా? డాక్టరును అడుగు" అన్నది.

డాక్టరు విని రక్తం, మూత్రం రెండూ రాసిండు. మనం తీసుకున్న ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీలకు పెద్ద భాగం ఉన్నదట. అవి నీరసిస్తే సూది మందు ఎక్కువసేపు ఒంట్లో నిలిచి చక్కెర పడిపోతదట. నాకు జరిగింది అదే.

ఇంటికొచ్చి పాత కాగితాలు తీసి మనుమరాలితో చదివించిన. క్రియాటినిన్ అయిదేండ్ల కింద 1.1, రెండేండ్ల కింద 1.5, ఇప్పుడు 2.4. నా వయసు లెక్కకు కిడ్నీల పని చెప్పే ఇ.జి.ఎఫ్.ఆర్. అప్పుడు 76, తర్వాత 51, ఇప్పుడు 29. కాగితాలన్నీ నా ట్రంకుపెట్టెలోనే ఉన్నయి. నేను షుగర్ అంకె ఒక్కటే చూసి మిగతాది మడిచి పెట్టిన.

సాంచె మీద పేక పోగు తెగితే సాంచె ఆగుతది, మనకు తెలుస్తది. కిడ్నీ అట్ల ఆగి చెప్పదు. నొప్పి లేదు, మూత్రం మామూలుగనే వచ్చేది. అందుకే కాగితమే చూడాలె.

డాక్టరు దగ్గర నేర్చుకున్నది చెప్తున్న.

మొదటిది, మూత్రంల ఆల్బుమిన్. ఇది రక్తంల ఉండవలసిన మాంసకృత్తు. కిడ్నీ జల్లెడ పాడైతే మూత్రంలకు కారుతది. చాలామందిలో క్రియాటినిన్ పెరగక ముందే ఇది కనబడుతది. ఏ.సి.ఆర్. అని రాసి ఉంటది. 30 లోపు మంచిది, 30 నుంచి 300 హెచ్చరిక, ఆపైన గట్టి దెబ్బ. మూత్రంల షుగర్ లేదని రాసి ఉంటే కిడ్నీ బాగున్నట్టు కాదు, అది వేరే పరీక్ష. జ్వరం, మూత్రంల చీము ఉన్నప్పుడు ఆల్బుమిన్ ఉత్తగనే పెరగొచ్చు. కాబట్టి ఒక్క కాగితం చూసి బెదరొద్దు, మళ్ల చేయించాలె.

రెండోది, క్రియాటినిన్, దాని పక్కన ఇ.జి.ఎఫ్.ఆర్. మూడు నెలలు దాటినా 60 లోపే ఉంటే అది కిడ్నీ జబ్బే.

మూడోది, మూడు నెలల షుగర్ చెప్పే హెచ్.బి.ఏ.వన్.సి. ముందురోజు పస్తుండి పరగడుపు అంకెను మోసం చేయొచ్చు గాని దీన్ని చేయలేం. అయితే కిడ్నీ చెడి రక్తం తగ్గినోళ్లకు ఇది కూడ సరిగ్గ చెప్పకపోవచ్చు.

షుగర్ ఉన్నోళ్లు మొదటి రెండు పరీక్షలు ఏడాదికొక్కసారి అయినా అడిగి చేయించుకోండ్రి. బీపీ కూడ చూపించుకోండ్రి. ముప్పయ్యేండ్లు నిలబడి పనిచేసిన మోకాళ్లకు నేను మందుల దుకాణంల అడిగి నొప్పి గోలీలు మింగిన. అవి కిడ్నీకి చేటు. డాక్టరు అవి బంద్ చేసిండు, ఇన్సులిన్ తగ్గించిండు, బీపీ గోలీ మార్చిండు. సూది మీ అంతట మీరు తగ్గించుకోవద్దు, ఆపొద్దు. ఇంకా డయాలిసిస్ దాకా పోలేదు. పోకుండ ఉండేందుకే ఈ తిప్పలు.

ఈ రాత్రే మీ పాత కాగితాలు తీసి తారీఖుల వరుసలో పెట్టండ్రి. చదవరాకుంటే బడికి పోయే పిల్లలను పిలువుండ్రి. క్రియాటినిన్ అంకెలు ఒకదాని కింద ఒకటి రాయించి, ఆ కాగితం డాక్టరు ముందట పెట్టండ్రి. నేను అయిదేండ్లు ఆలస్యం చేసిన.