ఖాళీ ఏడాది ఎవరిది?

ఇంటర్ పాసైన అమ్మాయి ఒక ఏడాది చదువు ఆపితే ఆ ఏడాదిని ఎలా సద్వినియోగం చేసుకోవాలి? పత్రికల కెరీర్ పేజీల్లో, కాలేజీల అవగాహన సదస్సుల్లో ఈ ప్రశ్న తరచు వినిపిస్తోంది. జవాబులూ సిద్ధంగా ఉంటాయి: స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకోండి, కంప్యూటర్ కోర్సు చేయండి, నాలుగు ఊళ్ళు తిరిగి లోకం చూడండి. సలహాలు చెడ్డవేం కావు. కాని వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అసలు ఆ ఏడాది ఆ అమ్మాయి చేతిలో ఉందా?

మన ఇళ్ళలో ఒకే ఏడాదికి రెండు పేర్లు. అబ్బాయి ఆగితే దాని పేరు లాంగ్ టర్మ్. అప్పు చేసయినా కోచింగ్‌కి పంపుతారు, వేళకు టిఫిను పెడతారు, టీవీ గొంతు తగ్గిస్తారు. అమ్మాయి ఆగితే దాని పేరు ‘ఇంట్లోనే ఉంటోంది’. ఇంట్లో ఉండడమంటే విశ్రాంతి కాదు. చెల్లెల్ని బడికి తయారుచేయడం, నాయనమ్మకు మందులు వేయడం, అమ్మ పనికి వెళితే పొయ్యి దగ్గర నిలబడడం. ఈ చాకిరీకి జీతం లేదు, సెలవు లేదు, చివర్లో సర్టిఫికెట్టూ లేదు. మెడిసిన్ కోసం లాంగ్ టర్మ్ చదివే అమ్మాయిలు లేరా అంటే, ఉన్నారు. ఫీజు కట్టగల ఇళ్ళ అమ్మాయిలు వాళ్ళు. మనం మాట్లాడవలసింది ఆ ఫీజు కట్టలేని ఇళ్ళ గురించి, కట్టగలిగినా కొడుక్కే కట్టే ఇళ్ళ గురించి.

ఉస్మానియా క్యాంపస్‌ని చూడండి. ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల చెట్ల కింద, లైబ్రరీలో, హాస్టల్ గదుల్లో గ్రూప్స్‌కి చదువుకునే యువకులు ఏళ్ళ తరబడి కనిపిస్తారు. వాళ్ళని ‘ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్నావేం?’ అని ఎవరూ అడగరు. అది ప్రిపరేషన్. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషనే పోయి కొత్తది వచ్చింది. నష్టం అందరికీ జరిగింది. కాని అబ్బాయి పోగొట్టుకున్నది ఒక అవకాశం. తార్నాక సందుల్లో హాస్టల్ గది తీసుకుని చదివిన అమ్మాయికి మాత్రం పరీక్ష రద్దయిన ప్రతిసారీ ఇంటినుంచి ‘ఇక చాలు, వచ్చెయ్’ అనే ఫోన్ వస్తుంది. ప్రభుత్వం చేసిన తప్పుకు ఆమె వయసు లెక్కలోకి వస్తుంది.

తార్నాక అనే పేరు తార్, నాకా అనే రెండు మాటల కలయిక అంటారు: తీగ కంచె, తనిఖీ చౌకీ. ఇంటర్ దాటిన అమ్మాయికి పద్దెనిమిదో ఏడు అలాంటి నాకాయే. ఇంటర్ అయ్యేసరికి చాలామందికి పదిహేడు నిండుతాయి. పెళ్ళికి చట్టం ఒప్పుకునేది పద్దెనిమిదికి. మధ్యలో మిగిలే ఆ కాస్త కాలమే మన సమాజం ఆడపిల్లకిచ్చే విరామం. పేరుకి చదువుకి విరామం, నిజానికి పెళ్ళికి నిరీక్షణ. కనీస వయసు 1978 సవరణతో పద్దెనిమిదయింది. దాన్ని ఇరవై ఒకటికి పెంచే బిల్లు 2021 డిసెంబరులో లోక్‌సభకు వచ్చి, 2024లో సభ రద్దుతో మురిగిపోయింది. వయసు పెంచితే చాలుననుకునేవాళ్ళు ఒక్కటి ఆలోచించాలి. చేతిలో చదువు, డబ్బు లేకుండా మూడేళ్ళు పెంచితే నిరీక్షణ మూడేళ్ళు పెరుగుతుంది, అంతే.

ప్రభుత్వం డబ్బు ఎక్కడ పెడుతోందో కూడా చూద్దాం. 2014 అక్టోబరులో మొదలైన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల కింద మొదట 51,000 రూపాయలు ఇచ్చారు. 2018లో అది 1,00,116 అయింది. పెళ్ళికూతురికి పద్దెనిమిది నిండాలనే షరతు బాల్యవివాహాలకు అడ్డుకట్ట అన్నారు. పేద తల్లికి అప్పు బాధ తగ్గిందన్నది నిజం, కాదనం. కాని పద్దెనిమిది నిండిన అమ్మాయి పెళ్ళి చేసుకుంటేనే ఇంటికి లక్ష వస్తుంది. చదువు మధ్యలో ఆగి, మళ్ళీ చేరడానికి దారి వెతుక్కునే అమ్మాయికి వచ్చేదేమిటి? ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీలో పేరున్నవాళ్ళకే. పేరు తెగిన ఏడాదిలో ఆమె ఏ లెక్కలోనూ లేదు.

స్వచ్ఛంద సంస్థలు ఈ ఖాళీలోకి కుట్టు మిషన్ పట్టుకుని వస్తాయి. కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సు, మెహందీ. ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని, పెళ్ళి సంబంధానికి అడ్డురాని పని. నేర్చుకున్న పని ఏదైనా గౌరవమైనదే. కాని బైపీసీ చదివిన అమ్మాయికీ, ఎంపీసీ చదివిన అమ్మాయికీ ఒకే కుట్టు మిషన్ చూపించే శిక్షణ సాధికారత కాదు, సర్దుబాటు. తార్నాక చుట్టూ జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ ఉన్నాయి. పక్కనే లాలాపేట బస్తీ అమ్మాయికి ఆ గేట్ల లోపల ఏం జరుగుతుందో ఒక్కరోజయినా చూపించే కార్యక్రమం మన ప్రాజెక్టు ప్రతిపాదనల్లో ఎందుకు ఉండదు?

చదువు తెగిన స్త్రీలకు దారి వేయడం మనకు కొత్త కాదు. ఎనిమిదేళ్ళకే పెళ్ళయిన దుర్గాబాయి జైలు జీవితం తర్వాత బెనారస్ మెట్రిక్ పరీక్ష రాసి, డిగ్రీలు చేసి, 1942లో లా పట్టా తీసుకున్నారు. మద్రాసులో ఆమె మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ అదే పరీక్షకు స్త్రీలను తయారుచేసింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె అధ్యక్షురాలు. ఆ బోర్డు 1958లో చదువు ఆగిపోయిన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు పెట్టింది. ఆ సభ కాలేజీ ఈనాడు ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. ఖాళీ ఏళ్ళని ఆమె ‘సద్వినియోగం’ చేసుకోలేదు, మళ్ళీ చదువులోకి వెళ్ళే తలుపుగా మార్చారు. ఆ తలుపు తన ఒక్కతికే కాదని సంస్థలు కట్టారు.

1982లో మన రాష్ట్రంలోనే దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. అదే ఈనాటి అంబేద్కర్ యూనివర్సిటీ. ఎందరో గృహిణులు దానివల్ల డిగ్రీ చూశారు. అయితే ‘కాలేజీ ఎందుకు, ఇంట్లో ఉండి కట్టు’ అనడానికి అదే సాకవుతున్నప్పుడు మనం ఊరుకోకూడదు. దూరవిద్య చదువుకి దగ్గర చేయాలి, అమ్మాయిని వీధికి దూరం చేయకూడదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. డిగ్రీ సీటు ఖాయం చేసుకుని ఏడాది తర్వాత చేరే హక్కు కావాలి. ఆ ఏడాదికి అమ్మాయి పేరునే, అమ్మాయి ఖాతాలోనే భత్యం పడాలి. పెళ్ళికి లక్ష ఇవ్వగల ప్రభుత్వం చదువుకి లేదనలేదు. కాలేజీలో పేరు లేని అమ్మాయిలకు కూడా క్యాంపస్ రీడింగ్ రూముల్లో చోటివ్వాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో దొరికే శిక్షణల్లో అమ్మాయిలకు వాటా కావాలి. ఫీజు బకాయి పేరుతో సర్టిఫికెట్లు తొక్కిపెట్టే కాలేజీలపై చర్య తీసుకోవాలి.

మనం చేయవలసినవీ ఉన్నాయి. ఇంటర్ ఫలితాలు రాకముందే బస్తీల్లో ఇల్లిల్లూ తిరగాలి. ఆగుతానన్న ప్రతి అమ్మాయితో, ఆమె తల్లితో కూర్చుని నాలుగు సంగతులు తేల్చాలి: మళ్ళీ చేరే తేదీ ఏది, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయి, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, ఇంటి పనిలో అన్నదమ్ముల వంతు ఎంత. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. తార్నాక దాకా రావడానికి ఇప్పుడు ఆమెకి అడ్డు డబ్బు కాదు, అనుమతి. ఆ అనుమతి అడిగే అవసరం లేని రోజు కోసమే మన పోరాటం.

తిరిగి చేరే తేదీ లేని విరామం విరామం కాదు, చదువు మాన్పించడం. దాన్ని ఆ పేరుతోనే పిలుద్దాం.